బెజవాడ మేడల మీది తీగలు

గడచిన ఉగాదికి ముందు మా యింటి కేబులు తీగ తీయించివేశాము. 1996లో వేయించిన తీగ అది. మధ్యలో తీగ లావు మారింది, దాని చివర కూర్చున్న పెట్టె రెండు మూడు జన్మలెత్తింది, కాని నెల మొదటి వారంలో చందా పుస్తకం చంకన పెట్టుకొని వచ్చే మనిషి మాత్రం మారలేదు. ఆనాడు పద్ధెనిమిదేండ్ల కుర్రవాడుగా మా డాబా పిట్టగోడ మీద పిల్లిలాగా నడిచిన ఆయనకు ఇప్పుడు కొడుకు పెండ్లీడుకు వచ్చాడు. పెట్టెను తిరిగి తీసుకొనడానికి వచ్చి, తీగను మోచేతికి చుట్ట చుట్టుకొంటూ, "మాస్టారూ, మీరు కూడానా అండీ?" అన్నాడు. మనవడి చదువు కోసం నెట్టు పెట్టించామనీ, రెండు ఖర్చులెందుకని దీనిని మానుతున్నామనీ ఏదో చెప్పాను. అది అబద్ధం కాదు. చెప్పుతున్నప్పుడు మాత్రం నాకే పూర్తి నిజంగా తోచలేదు. లెక్క సరిగా వేద్దామని పాత పద్దుల పుస్తకాలు అటక మీద నుంచి దింపితే, లెక్క కన్న పెద్ద కథ బయటపడింది. దానినే మిత్రుల ముందుంచుతున్నాను.

కేబులు తీగకు చరిత్ర ఏమిటని నవ్వేవారికి ఒక మాట. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రచురించిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"లో రాజుల వంశావళులకు బదులు మన పూర్వులు ఏమి తిన్నారు, ఏమి కట్టారు, ఏ ఆటలాడి ప్రొద్దుపుచ్చారు అన్న సంగతులే ఏరి కూర్చారు. కేంద్ర సాహిత్య అకాడెమీ తెలుగుకు ఇచ్చిన తొలి పురస్కారం 1955లో ఆ గ్రంథానికే దక్కింది. తోలుబొమ్మలాట, కోడిపందెము ఆయన కాలాన చరిత్రలో చోటు సంపాదించుకొంటే, మన కాలాన కేబులు తీగ ఎందుకు సంపాదించుకొనరాదు?

బెజవాడ వినోదానికి పుట్టినిల్లు అని మావాళ్ళు చెప్పుకొంటే అది ఊరి మీది అభిమానం మాత్రమే కాదు. ఆంధ్ర ప్రాంతంలో మొదటి సినిమా హాలుగా పేరుపొందిన మారుతీ టాకీసు 1921లో ఇక్కడనే వెలసింది. తరువాత గాంధీనగరం వీధులు సినిమా పంపిణీదారుల కార్యాలయాలతో నిండిపోయి, "కృష్ణా ఏరియా" అనే మాట వ్యాపారపు లెక్కలో ఒక జిల్లా పేరంత స్థిరపడింది. ఆకాశవాణి సంగతి కూడ అంతే. 1938లో మొదలైన మద్రాసు కేంద్రమే మొదట తెలుగువారికీ దిక్కు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ఆరంభమైన తరువాత గాని డెల్టా గ్రామాలకు తమ యాసలో పలికే గొంతు దొరకలేదు. బందరు రోడ్డు ప్రక్కన పున్నమ్మతోటలోని ఆ కేంద్రం నుంచి వచ్చిన భక్తిరంజని వింటూ పొయ్యి వెలిగించుకొన్న ఇండ్లెన్నో. ఉషశ్రీగారి రామాయణ భారతోపన్యాసాలు వచ్చే వేళ మా వీధిలో నడుచుకొంటూ పోతే, ఇంటింటి కిటికీలోనుంచీ అదే వాక్యం కొనసాగుతూ వినిపించేది. ఒక్క పదం కూడ తప్పిపోకుండ వీధి ఈ కొసనుంచి ఆ కొసకు చేరవచ్చు. ఈ మాట నావంటి వయస్సువారు చాలమంది చెప్పగా విని యుందురు; అయినా అతిశయోక్తి కాదు.

ఆ గాలి ఉచితమనుకొంటున్నామేమో, కాదు. రేడియో కలవారు యేటేటా పోస్టాఫీసుకు పోయి లైసెన్సు రుసుము చెల్లించవలసి వచ్చేది. చిన్న పుస్తకంలో ముద్ర వేసి ఇచ్చేవారు. మా నాన్నగారు ఆ పుస్తకాన్ని భూమి దస్తావేజులతోపాటు ఇనుప పెట్టెలో దాచేవారు. టెలివిజనుకు కూడ ఆ ఏర్పాటే ఉండి, 1980ల నడుమ రెండూ రద్దయినాయి. ఈ పోస్టాఫీసు మాట జ్ఞాపకముంచుకొనండి, మళ్ళీ వస్తుంది.

దూరదర్శన్ హైదరాబాదు కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. దాని వెలుగు కృష్ణా డెల్టా దాకా రావడానికి యేండ్లు పట్టింది. వచ్చిన తరువాత ఇంటి కప్పుల మీద చేపముల్లు ఆకారపు యాంటెనాలు మొలిచాయి. గాలి విసురుకు అది తిరిగిపోతే మేడ మీద ఒకడు, గుమ్మంలో ఒకడు, గదిలో ఒకడు నిలబడి, "వచ్చిందా?" "ఇంకొంచెం!" "అయ్యో, పోయింది!" అని పిలుచుకొనడమే ఆదివారపు వ్యాయామం. శుక్రవారం చిత్రలహరి, ఆదివారం సినిమా. మిగతా దినాలలో అర్థమయినా కాకపోయినా హిందీ.

1987 జనవరి 25న రామాయణం ధారావాహిక మొదలైనప్పుడు నేను ఉయ్యూరు సమీపంలోని ఒక పాఠశాలలో పనిచేస్తున్నాను. ఊరిలో టెలివిజన్లు నాలుగో అయిదో. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు ఒక రైతుగారి వసారాలోకి పెట్టెను తెచ్చి, దానికి పసుపు కుంకుమలు పెట్టి, ముందు చాపలు పరచేవారు. భాష రానివారే నూటికి తొంబదిమంది. మా హిందీ పండితులవారిని ప్రత్యేకంగా కుర్చీ వేసి కూర్చోబెట్టి, సంభాషణ సంభాషణకు తెలుగు చెప్పించుకొనేవారు. కైకేయి వరాలడిగే ఘట్టం వచ్చేసరికి ఆయన గొంతు పెగలక ఆగిపోతే, వెనుకనుంచి ఒక ముసలమ్మ, "చెప్పకపోయినా తెలుసులే నాయనా, చూడు" అన్నది. ఆ హిందీ పండితులవారికి ఊరిలో అంత గౌరవం మునుపెన్నడూ దక్కలేదు. తరువాత కూడ దక్కలేదు.

ఇక తీగ పుట్టుక. దానికి మేనమామ వీడియో. 1980లలో అద్దెకు దొరికే వీడియో క్యాసెట్టు యంత్రం పెండ్లిండ్లకూ పండుగలకూ వచ్చి, పందిట్లో రాత్రంతా మూడు సినిమాలు చూపి పోయేది. ఆ దొంగ క్యాసెట్లను అరికట్టడానికే 1984లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. సవరణ కాగితం మీద ఉండగానే, ఒక యింటిలో ఆడుతున్న యంత్రం నుంచి ప్రక్కింటికి తీగ లాగితే అక్కడా బొమ్మ వస్తుందని ఎవరో కనిపెట్టారు. ప్రక్కింటి నుంచి ఆ ప్రక్కింటికి. ఇంతలో 1991లో గల్ఫు యుద్ధాన్ని ఒక అమెరికా వార్తాసంస్థ ఉపగ్రహం ద్వారా ప్రత్యక్షంగా చూపింది. ఆ యేడే హాంకాంగు నుంచి స్టార్ టీవీ ఆసియాశాట్ ఉపగ్రహం మీదుగా ప్రసారాలు మొదలుపెట్టింది. 1992 అక్టోబరు 2న జీ టీవీ వచ్చింది. ఎవరి చట్టానికీ లోబడకుండ ఆకాశంనుంచి కురుస్తున్న ఈ వానను పట్టడానికి వీడియో కుర్రవాళ్ళు అప్పుచేసి పెద్ద డిష్షులు కొన్నారు. మావైపు పల్లెల్లో దానిని "గొడుగు" అనేవారు. వానకు తిరగబెట్టిన గొడుగు.

డెల్టావాళ్ళము, మాకు ప్రతిదీ కాలువలాగానే కనిపిస్తుంది. 1855లో ఆనకట్ట పూర్తయినప్పటినుంచి మా బ్రతుకు ఆ లెక్క మీదనే నడుస్తున్నది. నదికి అడ్డుకట్ట, అక్కడినుంచి ప్రధాన కాలువ, దానినుంచి పాయలు, పాయలనుంచి పంటబోదెలు. నీరు ఎగువ రైతుకు పుష్కలం, శివారు రైతుకు తడి. కేబులు సరిగా అట్లే ఉండేది. గొడుగు ఉన్న మేడ ఆనకట్ట. అక్కడినుంచి కరెంటు స్తంభాల మీదుగా లావు తీగ. మధ్యమధ్య బలం తగ్గిన బొమ్మను తోసే చిన్న పెట్టెలు. వాటినుంచి ఇంటింటికీ సన్న తీగ. వీధి మొదట ఉన్న యింట బొమ్మ అద్దంలో చూచినట్లు ఉండేది. మాది శివారు ఇల్లు. పై నంబరు ఛానెళ్ళలో ఎప్పుడూ ఈగలు ముసిరినట్లు చుక్కలే. మా కేబులబ్బాయి నిచ్చెన వేసుకొని ఆ తోపుడు పెట్టెలను సవరిస్తూ తిరుగుతుంటే, లాకుల దగ్గర తలుపులెత్తి దించే లస్కరు జ్ఞాపకం వచ్చేవాడు. లస్కరుకు జీతం సర్కారు ఇస్తుంది, ఇతనికి మేమే ఇవ్వాలి. అదే తేడా.

సర్కారు మేలుకొన్నది 1994 సెప్టెంబరులో. మొదట ఆర్డినెన్సు, మరుసటి యేడు చట్టం. కేబులు నడిపే ప్రతి మనిషీ నమోదు చేయించుకొనవలెనన్నారు. ఎక్కడ? తన ప్రాంతపు హెడ్ పోస్టాఫీసులో! మా నాన్నగారు రేడియో రుసుము కట్టిన కిటికీ ముందే ఇప్పుడు కేబులబ్బాయిలు దరఖాస్తులు పట్టుకొని నిలబడ్డారు. గాలిలో వచ్చే మాటకయినా తీగలో వచ్చే బొమ్మకయినా ఈ దేశంలో తపాలావారి ముద్రే పడవలసి వచ్చిందన్నమాట. ఈ మధ్యనే, 2025 జనవరిలో, నియమాలు సవరించి ఆ నమోదును అంతర్జాలంలోకి, కేంద్ర మంత్రిత్వశాఖ చేతిలోకి మార్చారు. పోస్టుమాస్టరుగారికి ఆ పని తప్పింది.

1995 తెలుగు టెలివిజనుకు సంవత్సరాది. జెమిని ఆ యేడే వచ్చింది. ఈటీవీ ఆగస్టు 27న. మొదటిసారిగా ప్రొద్దున లేచినది మొదలు పడుకొనేదాకా తెలుగు మాటే పలికే పెట్టె ఇంట్లో ఉన్నది. అంతవరకు కేబులు అంటే డబ్బున్నవారి ఇంగ్లీషు సరదా. తెలుగు వచ్చిన తరువాత అది ఉప్పు పప్పుల పద్దులో చేరింది. మేము 1996లో చేరాము. నా పుస్తకంలో తొలి పద్దు: "కేబులు – రూ. 60". ప్రక్కనే బ్రాకెట్టులో "అనవసరం" అని నా దస్తూరీ. మరుసటి నెలనుంచి ఆ వ్యాఖ్య లేదు.

తరువాత మాటీవీ 2002లో, టీవీ9 2004లో, జీ తెలుగు 2005లో. ఆ పెరుగుదల కథ అందరికీ తెలిసినదే గనుక వదలివేస్తాను. అందరూ మరచిపోతున్న దానిని గురించి మాత్రం కొంచెం వివరంగా వ్రాస్తాను. అది స్థానిక ఛానెలు.

ఊరూరా కేబులు నడిపేవారు ఒక అంకెను తమకోసం ఉంచుకొనేవారు. అందులో ప్రొద్దున సుప్రభాతం, పగలు పాత సినిమా, సాయంత్రం ఊరి వార్తలు. కెమెరా భుజాన వేసుకొన్న కుర్రవాడు దుర్గగుడి దసరా ఏర్పాట్లనుంచి మునిసిపల్ కుళాయి పగిలిన వైనం దాకా అన్నీ పట్టుకొచ్చేవాడు. చదివే పిల్ల "ళ" పలికేది కాదని మాబోటి పండితులు విసుక్కొనేవాళ్ళం. ఆ పిల్ల ఎవరి అమ్మాయో తెలుసు గనుక మరునాడు దారిలో పట్టుకొని చెప్పేవాళ్ళం కూడ. బొమ్మ అడుగున పరుగెత్తే అక్షరాలలో ఆ వారం ఏ వీధిలో కరెంటు తీస్తారో, కాలువ ఎప్పుడు కడతారో, ఎవరి దినకర్మ ఎప్పుడో ఉండేది. మా పాఠశాలలో పదో తరగతి పరీక్షల రుసుము గడువు తేదీని నేనే రెండుసార్లు ఆ అక్షరాలలో వేయించాను. రూపాయి తీసుకొనలేదు. ఒక సంవత్సరం పొరుగువాడలో ఒక పిల్లవాడు తప్పిపోతే, ఫొటో ఆ ఛానెల్లో పడిన గంటలోపల రైల్వే స్టేషను దగ్గర టీ కొట్టువాడు గుర్తుపట్టి ఆపాడు. ప్రపంచమంతటికీ చూపించే ఛానెళ్ళలో ఆ పిల్లవాడి ఫొటోకు చోటు లేదు. ఇప్పుడు వాట్సాపు గుంపులున్నాయి కదా అంటారు. ఉన్నాయి. కాని మా వీధిలో ఏ గుంపులోనూ లేని వృద్ధులు పదిమందికి తక్కువ లేరు. వారందరి యింటా తీగ మాత్రం ఉండేది.

లోపాలు లేవా? బొత్తిగా హక్కులు లేని సినిమాలను రాత్రివేళ ఆడించి, గాంధీనగరంలో పంపిణీదారుల కడుపు కొట్టిన ఆపరేటర్లున్నారు. ఒక వీధిలో ఇద్దరు పోటీపడి ఒకరి తీగ ఒకరు కోసుకొన్న రాత్రులున్నాయి. అన్నిటికన్న ముఖ్యం, ఎవరికి ఎన్ని కనెక్షన్లున్నాయో ఎవరూ నిజం చెప్పేవారు కారు. ఛానెలువారికి వంద అని చెప్పి అయిదువందల ఇండ్లకు ఇచ్చినా పట్టుకొనేందుకు మార్గం లేదు. తీగకు లెక్క తెలియదు కదా. దానికి విరుగుడుగా వచ్చినదే పెట్టె. 2012లో నాలుగు మహానగరాలతో ప్రారంభించి, 2015 డిసెంబరు చివరికి పట్టణాలన్నీ, 2017 మార్చి చివరికి పల్లెలు అని గడువులు పెట్టి, న్యాయస్థానాల తగవులతో కొంత ఆలస్యంగా, దేశమంతటా పాత తీగ బొమ్మను ఆపివేశారు. పంటబోదెకు మీటరు బిగించినట్లయింది. చుక్కలు పోయాయి; శివారు ఇంటికీ ఎగువ ఇంటికీ ఒకే స్పష్టత వచ్చింది. ఇంతవరకు నాకు ఫిర్యాదు లేదు.

ఫిర్యాదు 2019 ఫిబ్రవరినుంచి. నీకు కావలసిన ఛానెలుకే నీవు డబ్బు చెల్లించు అని టెలికాం నియంత్రణ సంస్థ కొత్త పద్ధతి పెట్టింది. వినడానికి ధర్మబద్ధంగా ఉన్నది. వంద ఛానెళ్ళదాకా మోసినందుకు తీగ రుసుము 130 రూపాయలు, దాని మీద నూటికి 18 పన్ను, వెరసి 153 రూపాయల 40 పైసలు. అటుపైన డబ్బు ఛానెళ్ళు. గుత్తిలో చేరే ఛానెలు ధర 19 రూపాయలు దాటరాదన్నారు. దాటరాదంటే అక్కడిదాకా పోవచ్చుననే అర్థం తీసుకొనేవారే లోకంలో ఎక్కువ. మనవారి పెద్ద వినోద ఛానెళ్ళు ఆ కప్పుకు తల ఆనించి నిలబడ్డాయి. ఒక్కొక్క ఛానెలూ కోరుకొంటే ఖరీదు, గుత్తిగా తీసుకొంటే చవక. గుత్తిలో మాకు అక్కరలేనివి డజను. సంతలో వంకాయలు అడిగితే గంపెడు పొట్లకాయలు కలిపి తూచినట్లు. నా పుస్తకంలో 2018 చివర 200 రూపాయలున్న పద్దు 2019 వేసవికి 290 అయింది. ఆ పెరిగినది మా కేబులాయన జేబులోకి పోయిందనుకొని నేను కొన్నాళ్ళు ముఖం ముడుచుకొన్నాను. తప్పు నాది. పై పంపిణీ సంస్థతో వేరే ఒప్పందం కుదరని పక్షంలో ఆ 130లో పై సంస్థకు 55 పాళ్ళు, ఇతనికి 45 పాళ్ళు అని నియమం. ఛానెలు ధరలో పెద్ద భాగం పైకే పోతుంది. తిట్లు మాత్రం పంపకం లేకుండ మొత్తం ఇతనివే.

ఇదే కాలంలో రెండో తీగ వచ్చింది. 2016 సెప్టెంబరు 5న జియో మొదలై, ఆరేడు నెలలు డేటాను ఉచితంగా పోసింది. అంతకు ముందు ఒక పాట చూడాలంటే చేతులు వణికినవాళ్ళు సినిమాలు చూడసాగారు. రాష్ట్ర ప్రభుత్వం వైపునుంచి ఫైబర్‌నెట్ వచ్చింది. గాజు తీగను భూమిలో పాతకుండ కరెంటు స్తంభాల మీదుగానే వేల కిలోమీటర్లు లాగి, నెలకు 149 రూపాయలకు టెలివిజను, టెలిఫోను, అంతర్జాలం మూడూ ఇస్తామన్నారు. 2016 డిసెంబరులో గోదావరి డెల్టాలోని మోరి గ్రామంలో తొలి ఊరంతటికీ ఇచ్చి చూపారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ చేతులమీదుగా అమరావతిలో అంకితం జరిగింది. దాని కార్యాలయం మా బెజవాడ బస్టాండు మేడలో. ఆ పథకంలో నాకు నచ్చినది ఒకటే. పాత కేబులు మనుషులను తోసివేయకుండ, వారి చేతనే కొత్త తీగ ఇండ్లకు చేర్పించడం. ధరలూ సేవలూ తరువాత ఎన్ని మలుపులు తిరిగినా, ఎందరో ఆపరేటర్లు గాజు తీగ అతికించడం నేర్చుకొన్నది ఆ పుణ్యమే.

అయినా మా ఇండ్లలో అలవాటు మారినది పథకాలవల్ల కాదు, కరోనావల్ల. 2020 మార్చిలో హాళ్ళు మూతపడ్డాయి. తెలుగుకు మాత్రమే అని "ఆహా" అదే సంవత్సరం మొదలైంది. యేడాదికి 365, అనగా రోజుకు రూపాయి. ఆ సెప్టెంబరు 5న నాని నటించిన "వి" హాలు ముఖం చూడకుండ నేరుగా అమెజాన్ ప్రైములో విడుదలయింది. 2021 జూలైలో వెంకటేష్ "నారప్ప" అదే దారి పట్టింది. 1921లో మారుతీ టాకీసు కట్టిన ఊరిలో, నూరేండ్లకు, పెద్ద హీరో సినిమా హాలుకు రాకుండ పడకగదికి వచ్చింది. గాంధీనగరంలో నాకు తెలిసిన ఒక పెద్దాయన తమ కార్యాలయం బోర్డు దించలేదు గాని, లోపల కుర్చీలు తగ్గించాడు. 2023లో ఐపీఎల్ క్రికెట్టును జియోసినిమా ఉచితంగా చూపడంతో కుర్రవాళ్ళున్న ఇండ్లలో తీగకు మిగిలిన ఆఖరి ఆధారమూ సడలింది.

ఇప్పుడు లెక్క. మనవడి వాదం: "తాతయ్యా, కేబులుకు మూడువందల యాభై ఎందుకు? దీనిలో అంతకన్న చవక." కాగితం మీద వేశాను. ఇంటర్నెట్టు 399, పన్నుతో 471. ప్రైము 2021 డిసెంబరునుంచి యేడాదికి 1499, అనగా నెలకు 125. నెట్‌ఫ్లిక్సు 149కి ఇస్తున్నది ఫోనులో చూచేందుకే; పెట్టెలో కావాలంటే 199. వెరసి 795. ఆహా, ఈటీవీ విన్, హాట్‌స్టార్ ఇంకా కలపనే లేదు. 350కి బదులు 795 చవక ఎట్లా అవుతుంది? "నెట్టు నా క్లాసులకు ఎలాగూ ఉండాలి గదా, దానిని ఎందుకు కలుపుతావు?" అన్నాడు. 471 తీసివేస్తే 324. గెలిచాడు. 26 రూపాయల తేడాతో! సంకల్పంలో గోత్రం మార్చినట్లు పద్దు శీర్షిక మార్చి చవక చేశాము. అందులోనూ 2025 జూన్ నుంచి ప్రైములో ప్రకటనలు మొదలు. అవి వద్దనుకొంటే యేటికి మరో 699. అదీ కలిపితే ఆ 26 కాస్తా ఎగిరిపోయి కేబులే చవక. అల్లుడి నెట్‌ఫ్లిక్సు తాళపు మాటతో గడుపుకొందామంటే, ఒకే యింటివారు కానివారు పంచుకొనరాదని 2023 జూలైనుంచి అదీ కట్టు. కేబులుకాలంలో ఇటువంటి నియమం లేదు. మా తీగ నుంచి ప్రక్కవాటా అమ్మమ్మగారికి నేనే ఒక కొస ఇచ్చాను. మా కేబులాయనకు తెలిసీ చూడనట్టు పోయేవాడు.

న్యాయంగా, లాభాలు కూడ వ్రాయాలి. మా ఆవిడకు చెవులు కొంచెం మందగించాయి. అడుగున అక్షరాలు పడే ఏర్పాటు ఆమెకు వరం. చాగంటివారి ప్రవచనాన్ని యూట్యూబులో కావలసినచోట ఆపి, నీళ్ళు పెట్టివచ్చి, మళ్ళీ మొదలుపెడుతుంది. ఉషశ్రీగారిని ఎవరూ ఆపలేకపోయేవారు. పాలు పొంగినా అంతే. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన "నైంటీస్" అనే ధారావాహికను మేమిద్దరం రెండు రాత్రులలో చూచాము. అందులో తండ్రి ఉపాధ్యాయుడు. ఖర్చుల విషయంలో నాకు దగ్గరి చుట్టం. ప్రకటనల మధ్య వారానికొకసారి చూస్తే ఆ సొగసు ఉండేది కాదు.

కాని 2024 సెప్టెంబరు 1 కూడ ఉన్నది. బుడమేరు పొంగి సింగునగరు, ఆ చుట్టుప్రక్కల కాలనీలు మొదటి అంతస్తుదాకా మునిగిపోయాయి. ప్రకాశం బరాజు దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు, అంతకు ముందెన్నడూ ఎరుగని ప్రవాహం. మా బావమరిది కుటుంబం మేడ మీద మూడు దినాలు చిక్కుకొన్నది. కరెంటు లేదు, నెట్టు లేదు, ఫోనులో ప్రాణం లేదు. కేబులూ లేదు, నిజమే. కరెంటు లేనిదే ఏ తీగా పలుకదు. వాళ్ళకు పడవలు ఎటునుంచి వస్తున్నాయో, పాల ప్యాకెట్లు ఎక్కడ ఇస్తున్నారో తెలిపినది ప్రక్క మేడ మీది ముసలాయన బ్యాటరీ రేడియో. 1948లో మొదలైన ఆ గొంతే. మేము చవక, ఖరీదు అని లెక్కలు వేసిన వాటిలో దానిని కలపనే లేదు.

కేబులాయన దగ్గరకే వస్తాను. దేశం మొత్తం మీద డబ్బు చెల్లించి టెలివిజను చూచే ఇండ్లు 2018లో 15 కోట్ల 10 లక్షలనీ, 2024కు 11 కోట్ల 10 లక్షలకు దిగాయనీ ఆ పరిశ్రమవారే 2025లో వెలువరించిన నివేదికలో ఉన్నది. ఆయనకు ఆ అంకెలు చెప్పితే ఆశ్చర్యపోలేదు. "నాకు ఆరువందల ఇళ్ళు ఉండేవండి, ఇప్పుడు రెండువందల పది" అన్నాడు. కొడుకు గాజు తీగ అతికించే పని నేర్చాడట. ఒక నెట్టు సంస్థకు ఈ వాడలో వారే పంపిణీదారులు. చుట్టిన తీగను బండికి కట్టుకొంటూ, వెళ్ళబోతూ, కొంచెం మొహమాటంగా, "నెట్టయినా మా దగ్గర తీసుకోవలసింది మాస్టారూ. మీరు అడుగుతారనుకొన్నా" అన్నాడు.

అడగడం తట్టలేదు. ముప్పై యేండ్లు నెలనెలా గుమ్మంలోకి వచ్చిన మనిషిని ఒక మాట అడగడం తట్టక, ఫోనులో కనిపించిన ప్రకటన నొక్కి వేరే సంస్థకు యేడాది డబ్బు ముందుగానే చెల్లించివేశాము. ఆ గడువు వచ్చే ఫాల్గుణంతో తీరుతుంది. పద్దుల పుస్తకంలో ఆ తేదీ ఎదుట ఆయన ఫోను నంబరు వ్రాసి పెట్టుకొన్నాను.

మిత్రులకు ఒక మనవి. 1990లనాటి కేబులు చందా కార్డులు, నెలనెలా గడి కొట్టి సంతకం చేసిన ఆ పసుపు అట్టలు, మీ యిండ్లలో ఉంటే పారవేయకండి. ఊరి పేరు, సంవత్సరం, నెల చందా ఈ మూడూ నాకు వ్రాసి పంపితే, గుడివాడ, బందరు, తెనాలి, ఏలూరు ప్రాంతాలవారీగా ఒక పట్టిక వేయాలని ఉన్నది. రేడియో లైసెన్సు పుస్తకాలయితే మరీ సంతోషం. మా నాన్నగారిది ఆ ఇనుప పెట్టెలోనే చెదలు తిన్నది.